యంత్ర సహాయకునికి మన పట్టికలను తెలియజెప్పుట

పద్దు వ్రాయువాడొకడు, దానిని చదువువాడు వేరొకడు అయినపుడు పద్దుతోపాటు దాని మర్మమును కూడ అందింపవలసియుండును. పూర్వము గ్రామకరణములు లెక్కలను గొలుసుకట్టు వ్రాతలో వ్రాసెడివారు. ఆ గుర్తులు కరణమునకును ఆయన కుమారునికిని తెలియును గాని ఊరివారికి తెలియవు. తమిళనాట 1980లోను, ఆంధ్రప్రదేశమున 1984లోను కరణీకములు రద్దయినపుడు క్రొత్త ఉద్యోగి చేతికి కట్టలు వచ్చినవి. కట్టలలోని గుర్తుల అర్థము చెప్పువారు మాత్రము అన్నిచోట్ల వెంట రాలేదు. అయినను చదువువాడు మనుష్యుడు గనుక, సందేహము కలిగినచో పాత కరణముగారి యింటికి వెళ్ళి అడుగుటకు వీలుండెను. ఇప్పుడు మన పద్దులను చదువవచ్చినది మనుష్యుడు కాదు. సందేహము తోచినను తరచుగా అడుగక, తనకు పొసగిన అర్థము చెప్పుకొని పని సాగించు యంత్రము.

మన పాఠశాల ప్రవేశ పుస్తకములు, ఫీజు పద్దులు, టీసీల నకళ్లు కంప్యూటరులోనికి ఎక్కినవి. ఇకమీదట వానిలోనుండి లెక్కలు తీసి ఇచ్చు పనిని కృత్రిమ మేధగల సహాయకునికి అప్పగింపవచ్చునా యని సంఘమువారు ఆలోచించుచున్నారు. ఇట్టి సహాయకునే ఏజెంటు అనుచున్నారు. ఏజెంటనగానే మనకు భీమా ఏజెంటు స్ఫురించును. ఇది ఆయన కాదు గాని పోలిక కొంత లేకపోలేదు: మన పక్షమున పనిచేయును, మనము చెప్పనిది కూడ ఒక్కొక్కప్పుడు చేసివచ్చును. తల్లిదండ్రులలో పలువురు నన్నడిగిన ప్రశ్న యొక్కటే: అది చెప్పు లెక్క నిజమగునా? దానికి సమాధానము చాలవరకు మనము ఆ యంత్రమునకు వ్రాసి యిచ్చు వివరణను బట్టి యుండును. ఆ వివరణ ఎట్టిదో, అందేమి యుండవలెనో కొంత వివరించెదను.

డేటాబేసు అనగా పట్టికల సముదాయము. అడ్డు వరుసకొక విద్యార్థి. నిలువు వరుసకొక వివరము: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష. సమాచారమును ఇట్లు పట్టికలుగా అమర్చు సిద్ధాంతమును 1970లో ఐబీఎమ్ సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ ప్రకటించెను. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు పట్టికలను ప్రశ్నించుటకొక భాషను కూర్చిరి. అదియే నేడు ఎస్‌క్యూఎల్ అను పేర లోకమంతట వాడుకలో నున్నది. మన యువకులలో బెంగుళూరు, చెన్నపట్టణములలో ఉద్యోగములు చేయువారు అనేకులు దీనిని నిత్యము వాడుచున్నారు. ఇంతకాలము ఈ ప్రశ్నలను వ్రాసినవారు మనుష్యులు. పట్టికలో ఏ గుర్తునకు ఏ అర్థమో తెలియనపుడు వారు గుమాస్తా బల్లయొద్దకు పోయి అడిగి తెలిసికొనెడివారు. కావున పట్టికలకు వివరణ వ్రాయలేదని ఎవరి పనియు ఆగలేదు.

యంత్రము సంగతి వేరు. అది పట్టికను నేరుగా చూడదు. దానికి కొన్ని పనిముట్లు అమర్చి యిత్తురు. ఒక పనిముట్టు విద్యార్థిని వెదకి తెచ్చును. ఒకటి తరగతి లెక్క తీయును. ఒకటి ఫీజు జమకట్టును. ఒక్కొక్క పనిముట్టునకు ఒక పేరు, అది చేయు పనిని గూర్చిన వివరణ, దానికి అందింపవలసిన వివరముల జాబితా, ప్రధానముగా ఈ మూడే యంత్రమునకు కనబడును. 2024 నవంబరులో అమెరికాలోని ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను ఒడంబడికలో పనిముట్లను యంత్రమునకు పరిచయము చేయు రీతి ఇదియే. మనము ప్రశ్న అడిగినపుడు యంత్రము ఈ వివరణలను చదివి, తగిన పనిముట్టును ఎంచుకొని, దానికి కావలసినవి వ్రాసి పంపును. వెనుకనున్న మామూలు కంప్యూటరు ప్రోగ్రాము ఆ పని జరిపి ఫలితమును తిరిగి యిచ్చును. యంత్రము దానిని చదివి మనకు సమాధానము చెప్పును. పనిముట్టు కడుపులో ఏమున్నదో దానికి తెలియదు. వివరణలో లేనిదానిని, తాను నేర్చిన ఇతర పట్టికల పోలికను బట్టి ఊహించును. ఊహ తప్పినను దాని మాటలో తడబాటు కనబడదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

ఒక్క అక్షరము కథ చెప్పెదను. మన పట్టికలో బోధనా మాధ్యమము అను నిలువు వరుస కలదు. అందు ఇంగ్లీషు అక్షరము ‘టి’ ఒక్కటే వ్రాయబడియున్నది. మన కార్యాలయములో ఎవరినడిగినను ‘టి’ యనగా తెలుగు అని తడుముకొనక చెప్పుదురు. మనది తెలుగు పాఠశాల గదా! కాని తమిళనాటి పాఠశాల పట్టికలో ‘టి’ అను అక్షరమును చూచిన యంత్రము తమిళమనుకొనుటకే అవకాశము మెండు. దానిని తప్పు పట్టుటకు లేదు. రెండు భాషల పేర్లును ఇంగ్లీషున ఒకే అక్షరముతో మొదలగుచున్నవి. భాషల గుర్తులను నిర్ణయించు అంతర్జాతీయ ప్రమాణములో తెలుగు గుర్తు ‘టి, ఇ’. తమిళము గుర్తు ‘టి, ఎ’. భేదము రెండవ అక్షరముననే యున్నది. మన పాతకాలపు గుమాస్తా మొదటి అక్షరముతోనే కలము దించెను.

ఇది కేవలము అక్షరదోషము కాదు. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక తీర్మానము చేసెను. మాతృభాష ప్రాంతీయభాషకంటె వేరైన పిల్లలు పాఠశాల మొత్తమున 40 మందికి గాని, ఒక తరగతిలో 10 మందికి గాని తక్కువకాకున్నచో, వారికి ప్రాథమికదశలో మాతృభాషలో బోధించుటకు కనీసము ఒక్క ఉపాధ్యాయునైనను నియమింపవలెనని దాని సారాంశము. 1956లో రాజ్యాంగమునకు చేరిన 350-ఎ అధికరణము మాతృభాషలో ప్రాథమిక బోధనకు తగు సౌకర్యములు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధి యని చెప్పినది. హక్కు అక్షరములలో నున్నను అది అమలులోనికి వచ్చునది అంకెల మూలముననే. అల్పసంఖ్యాకులమైన మనకు తలల లెక్కయే ఆధారము. తరగతిలో పదునొకండుమంది తెలుగు పిల్లలుండగా యంత్రము తొమ్మండుగురని తేల్చి, ఆ కాగితము పైకి పోయినదనుకొనుడు. తరువాత ఎన్ని అర్జీలు పెట్టుకొన్నను ముందు పోయిన కాగితమే మాటలాడును.

పదునొకండు తొమ్మిది యెట్లగునని మీరడుగవచ్చును. దానికి ‘టి’ అక్షరము కూడ అక్కరలేదు, ఖాళీ గడి చాలును. మాతృభాష అను వరుసలో పూర్వము చాలమందికి ఏమియు వ్రాయలేదు. పాఠశాలలో అందరును తెలుగువారే అయిన దినములలో దానిని నింపుట వృథాశ్రమగా తోచియుండును. ఎస్‌క్యూఎల్ భాషలో ఖాళీగడికొక విచిత్రగుణము కలదు. అది సున్న కాదు, దేనితోను సమానము కాదు, దేనికిని భిన్నమని కూడ అనిపించుకొనదు. ‘మాతృభాష తెలుగైన వారెందరు’ అని అడిగిన ఖాళీగడి పిల్లలు లెక్కకు రారు. ‘మాతృభాష తమిళము కానివారెందరు’ అని తిప్పి అడిగినను రారు. రెండు ప్రశ్నలకును అందక ఆ పిల్లలు మాయమగుదురు. గడి ఖాళీగా నున్నచో అది తెలియదనుటయా, తెలుగనుటయా, ఏ సంవత్సరమునకు ముందు ఏ అర్థము, తరువాత ఏ అర్థము అనునది ఒక్క వాక్యములో వ్రాసి యంత్రము ముందుంచవలెను.

అర్థము కాలమునుబట్టి మారుట ఇంకొక వరుసలో మరింత స్పష్టముగ కనబడును. ‘మొదటి భాష’ అను వరుసను చూడుడు. తమిళనాట 2006వ సంవత్సరపు తమిళాభ్యసన చట్టము వచ్చువరకు మన పిల్లలకు మొదటి భాష తెలుగు. ఆ చట్టము 2006-07లో ఒకటవ తరగతితో ఆరంభమై, ఏటికొక తరగతి చొప్పున పైకి సాగి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరవలెనని ఏర్పాటు. ఆ తరువాత మొదటి భాషా స్థానము తమిళమునకు పోయినది. మినహాయింపులను గూర్చిన న్యాయస్థానపు తగవులను ఇక్కడ ఎత్తను. చెప్పవచ్చినదేమనగా, 1998లో చేరిన బాలునికిని 2012లో చేరిన బాలికకును ఒకే వరుసలో వేరువేరు భాషలున్నవి. ఇరువురి ఇండ్లలోను మాటలాడునది తెలుగే. ఈ చరిత్ర నెరుగని యంత్రము మొదటి భాషనే మాతృభాషగా పరిగణించి, తెలుగు పిల్లలు ఏటేట తరిగిపోవుచున్నారని చక్కని పట్టము గీసి చూపగలదు. ‘ఈ వరుస పరీక్షలో మొదటి భాగమున వ్రాయు భాషను మాత్రమే తెలుపును, ఇంటి భాషకు మాతృభాష వరుసను చూడవలెను’ అను వివరణ ఆ ప్రమాదమును ఆపును.

పుట్టిన తేదీల సంగతి హాస్యమునకు చెప్పుచున్నాను గాని అదియు ఇట్టిదే. పూర్వము తేదీ తెలియని పిల్లలకు బడిలో చేర్చునాడు జూన్ నెలలో ఏదో ఒక దినము వ్రాయుట ఎల్లచోట్ల వాడుక. పాత పుస్తకములను చదివిన యంత్రము మన తాతలలో సగము మంది జూన్ నెలలోనే జన్మించిరని తేల్చి, దానికి వాతావరణ కారణములు కూడ వెదకవచ్చును.

ఇట్టి వివరణ వలన నిజముగా ప్రయోజనము కలదా అని సందేహింపనక్కరలేదు. 2023లో హాంకాంగ్ విశ్వవిద్యాలయము, అలీబాబా సంస్థ మొదలగువానికి చెందిన పరిశోధకులు ‘బర్డ్’ అను పరీక్ష నొకదానిని ప్రకటించిరి. అందు 95 డేటాబేసులు, 12,751 ప్రశ్నలు కలవు. గుర్తుల అర్థములు మొదలగు వివరణ లేకుండ అప్పటి జీపీటీ-4 యంత్రము నూటికి సుమారు 35 ప్రశ్నలకు సరిగా ఎస్‌క్యూఎల్ వ్రాయగలిగెను. వివరణ తోడైనపుడు ఆ సంఖ్య సుమారు 55కు పెరిగినది. యంత్రములు తరువాత మెరుగుపడినవి గనుక ఈ అంకెలను నేటికి అన్వయింపరాదు. నాకు ముఖ్యముగ తోచినది మనుష్యుల అంకె. అదే పరీక్షలో మనుష్యులు కూడ వివరణ లేనిచో సుమారు 72, ఉన్నచో సుమారు 93. అనగా అర్థము చెప్పనిదే చదువరి ఎవరైనను తడబడును. ఉపాధ్యాయునికి ఇది క్రొత్త సంగతి కాదు.

ఇక పనిముట్ల వివరణ. ‘విద్యార్థుల సమాచారము ఇచ్చును’ అని వ్రాసి ఊరకుండుట తరచుగా జరుగుచున్నది. ఏ విద్యార్థులు? చదువుచున్నవారా, టీసీ తీసికొని పోయినవారు కూడనా? అదే వివరణను నేనిట్లు వ్రాయింతును:

‘ఇచ్చిన తరగతిలో ఈ విద్యాసంవత్సరమున చదువుచున్నవారి జాబితా ఇచ్చును. విద్యాసంవత్సరము జూన్ మొదలు మరుసటి మే వరకు. టీసీ తీసికొనినవారు ఇందులో రారు. వారికొరకు వేరు పనిముట్టు కలదు. తరగతిని 1 మొదలు 10 వరకు అంకెలో ఇయ్యవలెను. ఒక్కసారికి 50 పేర్లే వచ్చును. మిగిలినవి యున్నచో ఆ మాట చివర చెప్పును, రెండవ పుట అడుగవలెను. మొత్తము సంఖ్య మాత్రమే కావలసినచో దీనిని వాడక లెక్కించు పనిముట్టును వాడవలెను.’

ఇందలి ప్రతి వాక్యము ఒక తప్పును ముందుగ ఆపుచున్నది. ఒక్కసారికి 50 పేర్లే వచ్చునను మాట లేనిచో, 63 మంది గల తరగతికి 50 మందియే యని యంత్రము ధైర్యముగ చెప్పును. దేనికి వాడరాదో చెప్పుట, దేనికి వాడవలెనో చెప్పుటయంత అవసరము. పనిముట్టు విఫలమైనపుడు పలుకు మాట కూడ వివరణలోని భాగమే. ‘పొరపాటు జరిగినది’ అనినచో యంత్రమునకేమియు తెలియదు. ‘తరగతిని అంకెలో ఇయ్యలేదు, 1 మొదలు 10 వరకు ఇమ్ము’ అనినచో అది తన తప్పును దిద్దుకొనును. ఎవరును దొరకలేదనుట వేరు, వెదకుట కుదరలేదనుట వేరు. ఈ రెంటికి ఒకే జవాబు వచ్చునట్లు అమర్చినచో, లేని పిల్లలును ఉన్న పిల్లలును ఒకటే అగుదురు.

ప్రతిదానిని విస్తరించి వ్రాయవలెనని దీని భావము కాదు. యంత్రము ఒక్కమారు మనస్సున నిలుపుకొను పాఠమునకు హద్దు కలదు. ‘తండ్రి పేరు: విద్యార్థి తండ్రి పేరు’ అనునట్టి వాక్యములు నూరు పేర్చినచో ‘టి’ యనగా తెలుగు అను ఒక్క ముఖ్యవాక్యము వానిలో మరుగుపడును. పేరు చూడగనే తెలియనిదానికే వివరణ. ‘ఇనిషియల్’ అట్టిది. తమిళనాట అది సాధారణముగా తండ్రి పేరి మొదటి అక్షరము. మనలో కొందరు ఇంటిపేరి మొదటి అక్షరమును వ్రాయింతురు. ఆ అక్షరము కలిసినదని ఇద్దరిని అన్నదమ్ములుగా ఎంచి యంత్రము ఫీజు రాయితీ సిఫారసు చేసినచో, కోశాధికారి గారి ముఖము చూడవలసినది మనమే. లక్ష్మి, లక్ష్మీ అని ఒకే అమ్మాయి పేరు రెండు పుస్తకములలో రెండు విధముల నుండుట కూడ తెలుపవలసినదే. వెదకు పనిముట్టు అక్షరమక్షరము సరిపోల్చునా, దగ్గరి పేర్లను కూడ తెచ్చునా అనునది యంత్రమునకు తెలిసియుండవలెను.

ఫీజు జమకట్టు పనిముట్టు విషయమున జాగ్రత్త రెట్టింపు. చదువు పనిముట్టు తప్పినచో లెక్క తప్పును. వ్రాయు పనిముట్టు తప్పినచో పద్దే చెడును. విద్యుత్తు పోయి జవాబు ఆలస్యమైనపుడు యంత్రము పని జరుగలేదనుకొని మరల పంపవచ్చును. అప్పుడు ఒక్క రసీదునకు రెండు జమలగును. ఒకే రసీదు సంఖ్యతో రెండవమారు వచ్చినచో త్రోసిపుచ్చునట్లు పనిముట్టును నిర్మించి, ఆ సంగతిని వివరణలో చెప్పవలెను. ఇందుకు పైన చెప్పిన ఒడంబడికలోనే గుర్తులు కలవు: ఈ పనిముట్టు చదువుటకు మాత్రమే యనియు, ఇది ఉన్నదానిని చెరుపగలదనియు, మరల చేసినను హాని లేదనియు తెలుపవచ్చును.

అయితే వివరణ తాళము కాదు. 2025 జూలైలో అమెరికాలో ఒక వ్యాపారి రెప్లిట్ సంస్థవారి యంత్ర సహాయకునితో పనిచేయించుచుండగా, మార్పులేవియు చేయవలదని వ్రాసి చెప్పియుండినను అది వాడుకలోనున్న డేటాబేసును తుడిచివేసెను. సంస్థ అధిపతి బహిరంగముగ విచారము తెలిపి, ప్రయోగపు పట్టికలను వాడుకలోని పట్టికలనుండి వేరుచేయు ఏర్పాటు ప్రకటించెను. చేయవలదను మాట ఎంత పెద్ద అక్షరములతో వ్రాసినను, చేయగల అధికారము చేతిలోనున్నంతవరకు ప్రమాదము తొలగదు. కావున మొదటి సంవత్సరము యంత్రమునకు చదువు అధికారము మాత్రమే యిచ్చి, ఫీజు పద్దును మన గుమాస్తాగారి చేతిలోనే యుంచవలెనని సంఘమునకు నా సలహా. వివరణలో ఉదాహరణలు వ్రాయునపుడు నిజమైన పిల్లల పేర్లు వాడరాదు. 2023వ సంవత్సరపు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారందరిని బాలలుగానే యెంచినది.

వివరణ ఎక్కడ నుండవలెనను ప్రశ్న చిన్నదిగా కనబడును గాని కాదు. వేరొక కాగితముపై వ్రాసి బీరువాలో పెట్టినచో, పట్టిక మారును, కాగితము మారదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి డేటాబేసులలో ప్రతి పట్టికకును ప్రతి వరుసకును ప్రక్కనే వ్యాఖ్య వ్రాసి నిలుపు ఆజ్ఞ కలదు. అక్కడ వ్రాసినచో పట్టికను మార్చువాని కంట పడును. సరిగా వ్రాసితిమా లేదా అని తెలియుటకు పరీక్ష కూడ మన వృత్తిలోనిదే. చేతితో లెక్కించి జవాబు తెలిసికొనియున్న ఇరువది ప్రశ్నలను యంత్రమునకు వేసి దిద్దవలెను. తప్పిన ప్రశ్నకు యంత్రమును నిందింపక, అది చదివిన వాక్యమేదో చూచి దానిని తిరిగి వ్రాయవలెను. మరల ఇరువదియు వేయవలెను. ఒకచోట దిద్దినది మరియొకచోట చెరుపుట కలదు.

ఈ పనిలో తల్లిదండ్రులు చేయవలసినది కలదు. ప్రవేశ పత్రములో మాతృభాష గడిని ఖాళీగా విడువక ‘తెలుగు’ అని పూర్తిగా వ్రాయవలెను. ఇంటిలో కన్నడమో తమిళమో కూడ మాటలాడుదురేని ఆ మాట వేరుగ చెప్పవచ్చును. పిల్లల వరుస సరిగా నున్నదో లేదో కార్యాలయమునకు వచ్చి చూచుకొనవచ్చును. ఎవరి బిడ్డ వరుస వారికే చూపబడును. ఇంటిపేరు, ఇనిషియలు, పుట్టిన తేదీ ఈ మూడును ముఖ్యముగ సరిచూడుడు.

మన పాఠశాలలో చదివిన పెద్దలకు వేరొక విన్నపము. 1970 ప్రాంతపు ప్రవేశ పుస్తకములలో కొన్ని పేర్ల ప్రక్కన ఎర్రసిరాతో చిన్న సున్న చుట్టబడియున్నది. ఉపకారవేతనము పొందినవారని కొందరును, ప్రక్క గ్రామములనుండి నడచివచ్చినవారని కొందరును చెప్పుచున్నారు. ఆనాడు చదివిన తాతలు, నాయనమ్మలు మీ యిండ్లలో నున్నచో అడిగి తెలుపుడు; వారి మాటను వారి చేరిన సంవత్సరముతో సహా వ్రాసికొనెదము. అంతవరకు ఆ వరుసకు మేము వ్రాయించిన వివరణ ఇది: ‘ఎర్ర సున్న. అర్థము నిర్ధారణ కాలేదు. దీనిని ఏ లెక్కకును వాడరాదు. చెరుపరాదు.’